లింగంపల్లి సైడింగులో మళ్లీ కదిలిన మా డీజిల్ ఇంజిన్

మా వీధి చివర ఉండే యాదగిరి పెదనాన్న రైల్వేలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నేను కాలేజీకి వెళ్లిన రెండు పెట్టెల ప్యాసింజరును లాగిన చిన్న డీజిల్ ఇంజిన్‌ను నడిపింది ఆయనే. విడిభాగాలు దొరకడం లేదని రైల్వేవాళ్లు దాన్ని పక్కనపెట్టి, తర్వాత తుక్కు కింద అమ్మేశారు. డెబ్బైల నడుమ ఒక శుక్రవారం సాయంత్రం ఆయన మా గుమ్మంలో నిలబడి, "బిడ్డా, మన బండి లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీల ఉన్నదట. సోమవారం కోస్తరట. రేపు పొయ్యి ఒక్కసారి సూసొద్దాం, వస్తవా?" అన్నారు. టైపిస్టు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. అయినా ఆ క్షణమే సెలవు పెట్టాలని నిర్ణయించుకున్నాను.

పొద్దున తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో పటాన్‌చెరు బస్సు ఎక్కాం. అప్పట్లో టికెట్టు రెండు రూపాయలు కూడా కాదు. కూకట్‌పల్లి దాటాక అంతా బండరాళ్లు, జొన్నచేలు, మధ్యమధ్య కొత్తగా లేచిన ఫ్యాక్టరీ గోడలు. దాదాపు గంటన్నర ప్రయాణం. లింగంపల్లి మలుపులో దిగి, రైలు పట్టాల వైపు పావుగంట నడిస్తే ఇనుము కరిగించే ఆ ఫ్యాక్టరీ వచ్చింది. పెదనాన్న ఎంత జోరుగా నడిచారంటే ఆయన్ని అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది.

మేనేజరు మూర్తిగారు గుంటూరు వైపు మనిషి. మర్యాదగానే మాట్లాడారు గానీ, చెప్పిన కబురు మాత్రం గుండె జారేలా ఉంది. "గ్యాస్ కట్టర్లవాళ్లు ముందే దొరికారండి. ఇవాళ భోజనాలయ్యాక మొదలుపెడతారు. చూసి వెళ్లండి."

యార్డు చివర సైడింగులో, అంటే ఫ్యాక్టరీ కోసం వేసిన పట్టాల మీద, మా ఇంజిన్ నిలబడి ఉంది. ఎర్ర రంగు పెచ్చులూడింది. ఎక్కడెక్కడ కోయాలో ఒంటి నిండా సుద్దతో గీతలు గీశారు. పెదనాన్న దాని మెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. పక్క పట్టా మీద ఇరవైమంది కూలీలు బొగ్గు వ్యాగనును గునపాలతో ఎత్తి ఎత్తి అంగుళం అంగుళం జరుపుతున్నారు. ఆయన చూపు అటు మళ్లింది.

"సారూ, గీ ఇంజిన్ నడిస్తే గా డబ్బాలను ఇదే గుంజుతది గదా?"

"నడిస్తే ఎందుకు కోయిస్తామండీ? మా మెకానిక్ రెండు రోజులు చూసి చేతులెత్తేశాడు."

"జెర రెండు గంటల దాన్క నాకు ఇడువుండ్రి. లేవకపోతే నేనే పక్కకు జరుగుత."

మూర్తిగారు గడియారం చూసుకుని సరేనన్నారు. అప్పటికి పదకొండైంది.

ఇంజిన్‌లో బ్యాటరీలు లేవు. పెదనాన్న డీజిల్ పైపులు విప్పుతుంటే నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. టీ బండి దగ్గర జహీరాబాద్ వెళ్లే రెండు లారీలు ఆగి ఉన్నాయి. వాటిలో పెద్దాయన ఖాసిం భాయ్ నా మాట విని నవ్వారు. "రైలింజన్‌కు లారీ బ్యాటరీనా? నా సర్వీసుల గిట్ల ఎవ్వరు అడగలె." మరుక్షణం రెండో డ్రైవరును కేకేసి, "మన ఇంజన్లు చాలూ ఉంచి బ్యాటరీలు తీస్తం. ఆపకుంటే పరేషాన్ లేదు. నడువమ్మా, నేను గూడ సూస్త" అన్నారు. లారీలు రెండూ యార్డులోకే వచ్చేశాయి. బ్యాటరీలు ఇంజిన్‌కు తగిలించాక పెదనాన్న నావైపు తిరిగారు.

"నువ్వు పైకెక్కి గా నల్ల బటన్ నొక్కు బిడ్డా. ఎడమ చెయ్యితోని గీ కమ్మి మీదికి పట్టుకో. ఇంజిన్ అందుకునేదాన్క ఇడువొద్దు, ఇడిస్తే డీజిల్ బందయితది. మెకానిక్‌కు దొరకంది గిదే." మొదటిసారి నొక్కితే ఇంజిన్ మూలిగి ఆగిపోయింది. పైపులో గాలి చేరిందని పెదనాన్న మళ్లీ కిందికి దూరారు. రెండోసారీ అంతే. కూలీలు గునపాలు పక్కనపెట్టి చుట్టూ చేరారు. గ్యాస్ సిలిండర్ల బండి కూడా గేటు దాటి లోపలికి వచ్చింది. మూడోసారి నొక్కాను. నా కాళ్ల కింద రేకు దడదడలాడింది, నల్లటి పొగ గుప్పుమంది, ఇంజిన్ అందుకుంది. చెవులు గింగురుమంటున్నా ఆ కమ్మి వదలలేదు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

బ్రేకులకు కావలసినంత గాలి నిండేదాకా ఆగి, పెదనాన్న తన పాత సీట్లో కూర్చున్నారు. బొగ్గు వ్యాగను తగిలించి కొలిమి దాకా ఒక్క ఊపులో లాగారు. మూర్తిగారు సిలిండర్ల బండిని వేరే తుక్కు వైపు పంపించి, "పెద్దాయనా, మావాళ్లకు నేర్పిస్తారా?" అని అడిగారు. కంది అనే ఊరి నుంచి వచ్చి క్యాంటీన్‌లో వండే ఎల్లవ్వ మా ముందు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, "మా మొగోడు గా డబ్బాలు నూకి నూకి నడుం పోగొట్టుకున్నడు. తిను తాతా, ఇంకో రొట్టె ఏస్త" అంది. నాలుగున్నర బస్సుకు తిరిగి బయల్దేరాం. పెదనాన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఇంజిన్ అక్కడే పనిచేసింది. శనివారాలు ఆయన వెళ్లి ఇద్దరు కుర్రాళ్లకు నడపడం నేర్పారు. మ్యూజియంలలో రంగులేసి నిలబెట్టిన ఇంజిన్లను తర్వాత ఎన్నో చూశాను, సంతోషించాను. కానీ ఒక యంత్రాన్ని కాపాడాలంటే దాని గుట్టు తెలిసిన మనిషి కూడా పక్కన ఉండాలని ఆ రోజే అర్థమైంది. ఇప్పుడు లింగంపల్లికి లోకల్ రైళ్లున్నాయి, వెళ్లడం తేలిక. పాత ఇంజిన్లు వెతుక్కుంటూ ఎక్కడికి వెళ్లినా కెమెరా మరిచిపోయినా పర్వాలేదు, వాటిని నడిపిన మనిషి దొరికితే మాత్రం వెంట తీసుకెళ్లండి.