హెడ్లీ సగ్డెన్ సంతకం

ఇంగ్లండులోని కీత్లీలో హెడ్లీ సగ్డెన్ ఇళ్లకు కప్పులు వెయ్యబట్టి నలభై ఏళ్లయింది. మంచు పట్టిన పలకల మీద కూడా పిల్లిలా నడిచే మనిషి. అలాంటివాడు ఆ శనివారం పొద్దున మిసెస్ ఫెదర్ వచ్చి అతని వంటింటి బల్ల మీద కాగితం పెట్టగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె పసిపిల్లల బడి నడుపుతుంది. ఆ బడి కప్పు హెడ్లీ వేసిందే. కానీ అతన్ని పనిలో పెట్టుకున్నది బడి కట్టిన కాంట్రాక్టరు. వాళ్లిద్దరి ఒప్పందంలో మూడో మనిషికి ఏ హక్కూ లేదని అందరిలాగే రాసుకున్నారు. దానికి బదులు, ఈ కప్పుకు నేనే జవాబుదారీనని హెడ్లీ ఆమెకు నేరుగా హామీ దస్తావేజు రాసివ్వాలి. అలాంటి కాగితాలు ఎప్పుడూ వెనకాలే వస్తాయని, బడి తెరిచే తొందరలో ఆమె తాళాలు తీసుకుంది. కాగితం రాకముందే కాంట్రాక్టరు దివాలా తీశాడు.

"మీరు సంతకం పెట్టనంటే అడిగే నాథుడు లేడట, లాయరు చెప్పాడు. అందుకే బతిమాలుకోడానికి వచ్చాను హెడ్లీ గారూ," అంది.

హెడ్లీ భార్య ఇనిడ్ టీ పోస్తూ, "పెట్టెయ్యవయ్యా. నీ కప్పు కారిందని ఈ ఊళ్లో ఎవరన్నా అన్నారా?" అంది.

నవంబరులో కాంట్రాక్టరు మనిషి నెత్తిన నిలబడి తొందరపెడితే, వెనక గది మీద తడారని చెక్కపైనే తారు షీటు పరిచేశాడు హెడ్లీ. పైకి అద్దంలా ఉంటుంది. లోపల చెక్క కుళ్లుతూనే ఉంటుంది. వాన పడిన రోజుల్లో ఏదో పనున్నట్టు వ్యాను ఆ వీధిలోకే తిప్పేవాడు. కప్పు నిలిచి కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాడు. సంతకం పెడితే పన్నెండేళ్లపాటు ఈమె నేరుగా తన మెడ పట్టుకోవచ్చు. ఈ ఇల్లూ పోవచ్చు. పెట్టకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"వెనక గదిలో ఏం చేస్తారమ్మా?"

"పిల్లల్ని పడుకోబెడతాం."

హెడ్లీ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఇక పడుకోబెట్టకండి. ఇప్పుడే వచ్చి షీటు లేపుతాను. కింద చెక్క తడిది. తెలిసే వేశాను."

మిసెస్ ఫెదర్ కాగితాన్ని అతని ముందుకు జరిపింది.

"ముందు సంతకం."

"బాగుచేశాక పెడతానమ్మా. ఇప్పుడు పెడితే నా మెడకు నేనే ఉరి బిగించుకున్నట్టు."

"కప్పు విప్పాక మీరు వెళ్లిపోతే నేనెవర్ని పట్టుకోను? మీకే కాదు, నాకూ భయమే."

హెడ్లీ ఇనిడ్ వైపు చూశాడు. ఆమె టీకెటిల్ దించి, "పక్కింటి వాల్టర్ని పిలుస్తా. సాక్షి కళ్లెదుట పెట్టాలటగా," అని బయటికి నడిచింది.

వాల్టర్ మట్టి చేతులతో వచ్చి, కలం పట్టిన హెడ్లీ చేతి వైపు ఒంగి చూశాడు. "పెళ్లినాడు కూడా ఇంత వణకలేదు కదరా!"

"అప్పుడు మీద ఏం పడబోతోందో తెలీదుగా," అంది ఇనిడ్.

హెడ్లీ పేరు గీత దాటి కిందికి జారింది. దాని పక్కన వాల్టర్ సాక్షి సంతకం చేశాడు. మిసెస్ ఫెదర్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, సంచి మీంచి చెయ్యి తియ్యలేదు.

"పదండి, బడి తాళం నా దగ్గరుంది," అంది.

వ్యాను మీద నిచ్చెన కడుతుంటే హెడ్లీకి ముడి రెండుసార్లు జారిపోయింది.