సముద్రంలో ఉన్నానన్న లారీ

గ్రహణం పట్టిన వేళ నడిరోడ్డు మీద నిలబడి పకోడీలు తిన్నవాణ్ణి నేను. శ్మశానంలో ఉప్మా వండించి పదిమందికి పెట్టినవాణ్ణి. చేతబడి చేస్తానన్న ఒకడికి నా పేరు, నక్షత్రం, తలవెంట్రుక కూడా ఇచ్చి, నెల తిరిగాక వాడింటికే వెళ్ళి పలకరించి వచ్చినవాణ్ణి. దెయ్యాలు లేవని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఈ రాసేదాంట్లో దెయ్యం లేదు. ఒక లారీ, ఒక సెల్‌ఫోను, ఒక చేపల తెప్ప ఉన్నాయి. అయినా ఇన్నేళ్ళు దీన్ని కాగితం మీద పెట్టలేదు.

రెండువేల దశకం మధ్యలో గాజువాక దగ్గర ఒక రవాణా కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం విశాఖ వచ్చి స్థిరపడ్డాను. ఉక్కు కర్మాగారం నుంచి ఇనుప చువ్వలు, చుట్టలు పోర్టు యార్డుకు చేరవేసే లారీలు మావి. ఖాళీ దొరికినప్పుడు ఒక చిన్న మాసపత్రికకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి, సభల్లో మాట్లాడేవాణ్ణి. అందుకే డ్రైవర్లు నన్ను మేస్టారూ అని పిలిచేవారు. ఆ పిలుపులో మర్యాద సగం, ఎగతాళి సగం.

దారిలో డీజిలు దొంగతనం జరుగుతోందన్న అనుమానంతో ఒకరోజు మా యజమాని లారీలన్నింటికీ నల్లడబ్బాలు బిగించాడు. అవి డ్రైవరు మోకాళ్ళ దగ్గర, మీటర్ల పలక వెనక ఉండేవి. ఒక్కో డబ్బాలో ఒక సిమ్ కార్డు. ఆఫీసు ఫోనులోంచి దానికి 'వేర్', అంటే ఎక్కడ, అని ఇంగ్లీషులో మెసేజ్ పంపితే, లారీ ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం రెండు వరుసల అంకెలుగా తిరిగి వచ్చేవి. కంప్యూటరులో పటం మీద చూసుకునేవాళ్ళం. 'స్టాప్' అని పంపితే ఇంజనుకు డీజిల్ అందడం ఆగిపోయేది. యజమాని ఒకసారి తన బావమరిదికి చూపించడానికని, సింధియా రోడ్డు మీద వెళ్తున్న లారీని ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండానే ఆపేశాడు. వెనకనుంచి వస్తున్న బస్సు అంగుళాల్లో తప్పించుకుంది. ఆ లారీ నడుపుతున్నది ఎల్లారావు.

అది తప్పని నేను యజమానితో వాదించాను. కానీ 'వేర్' విషయంలో మాత్రం యంత్రం పక్షానే నిలబడ్డాను. మనిషిని అనుమానించి నలుగురిలో నిలదీయడం కంటే అంకె మేలు కదా అనేది నా వాదన. డ్రైవర్లు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ అభ్యంతరం నేను ఊహించినది కాదు.

"దొంగతనం అనుమానవైతే అడగండి మేస్టారూ, తప్పు నేదు," అన్నాడు ఎల్లారావు. "గేటు దాటతన్నప్పుడు అడగొద్దంతన్నాం. బయల్దేరినోణ్ణి పట్టుకుని ఎక్కడికని అడుగుతారేటి ఎవరైనా?"

"ఫోను అడిగేది డబ్బాని. నిన్ను కాదు."

"డబ్బా ఎక్కడుందండి? నా మోకాళ్ళ కాడ కాదా?"

పక్కనున్న ఇంకో డ్రైవరు అందుకున్నాడు. "మేస్టారు ఇంటికాడా అంతే బావా. అమ్మగారు సంచీ అట్టుకోగానే ఎక్కడికీ అంతారు. అందుకే ఆవిడికి ఏ బస్సూ దొరకదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అది నాలో ములుకులా ఉండిపోయింది. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే పని చెడుతుందట. అడిగితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలట. చదువుకున్న ఇళ్ళల్లో కూడా ఉన్న పిచ్చి ఇది. నేను దాని మీద మూడు పేజీల వ్యాసం రాశాను. లారీలు గేటు దాటగానే 'వేర్' పంపడం మానలేదు సరికదా, గేటు దగ్గరే నిలబడి, డ్రైవర్లు చూస్తుండగా పంపడం మొదలుపెట్టాను.

ఎల్లారావుది చేపలు పట్టే కుటుంబం. అతనొక్కడే స్టీరింగు పట్టాడు. తమ్ముడు నూకరాజు ఇంకా సముద్రానికే వెళ్ళేవాడు. ఒక ఆదివారం ఉదయం చేపలు కొందామని వాళ్ళ పేట వైపు ఒడ్డుకు వెళ్ళాను. నూకరాజు మరో ఇద్దరితో కలిసి మోటారు తెప్పను నీళ్ళలోకి తోస్తున్నాడు. ఎల్లారావు కూడా ఒక చెయ్యి వేశాడు. నూకరాజు భార్య పైడితల్లి ఇసుకలో నిలబడి ఉంది.

నేను చేసింది పొరపాటు కాదు. కావాలనే చేశాను. నలుగురూ ఉన్నారు, నిరూపించడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదనుకున్నాను.

"నూకరాజూ, ఎక్కడికి?" అని గట్టిగా అడిగాను.

తోస్తున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నూకరాజు నీళ్ళలోంచి కాలు వెనక్కి తీశాడు. పైడితల్లి పక్కనున్న గుడిసెలోకి పరుగున వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ఎదురుగా సముద్రమంత నీళ్ళున్నాయి, ఆ గ్లాసెడు తాగితేనే తెప్ప కదులుతుందా?" అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. నూకరాజు మొహం ఎర్రబడింది. "మీరు నవ్వతంటే నాను ఎనక్కెల్తానేటి మేస్టారూ," అని తెప్ప ఎక్కేశాడు. పైడితల్లి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

సాయంత్రానికి రావలసిన తెప్ప రాలేదు. ఆ సంగతి నాకు మర్నాటి సాయంత్రం దాకా తెలియదు.

సోమవారం ఎల్లారావు పనిలోకి రాలేదు. అతని లారీ షెడ్డులో ఉంది. బ్యాటరీ కూడా తీసి ఛార్జింగుకు పంపించాం. డబ్బాలో సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, ఒకటి రెండు రోజులు అది పనిచేస్తుంది. ఈ మాట నేనే ముందు చెబుతున్నాను, ఎవరో అడిగేదాకా ఆగకుండా.

ఉదయం పది దాటాక ఆఫీసు ఫోను మోగింది. ఎల్లారావు లారీ డబ్బా నుంచి మెసేజ్. రెండు వరుసల అంకెలు. పటం మీద చూస్తే, మాకు బాగా దక్షిణాన ఉన్న పూడిమడక ఎదుట, ఒడ్డుకు బాగా దూరంగా, సముద్రంలో.

"మన లారీ వేటకెళ్ళిందిరా," అని గుమాస్తాతో జోకు వేశాను.

తర్వాత ఫోనులో పంపిన మెసేజ్‌ల జాబితా చూశాను. ఆ ఉదయం ఆ డబ్బాకు ఎవరూ 'వేర్' పంపలేదు. ఆ డబ్బాలు అడిగితేనే చెప్పే రకం. తమంతట తాము మెసేజ్ పంపవు. ద్వారకా నగర్‌లో వాటిని అమ్మిన దుకాణం నుంచి మెకానిక్‌ను పిలిపించాను. మధ్యాహ్నం వచ్చి చూశాడు. "దీనికి మతి చెడిందండి," అని తన ఫిర్యాదుల పుస్తకంలో ఆ అంకెలు, మెసేజ్ వచ్చిన టైము రాసుకుని, రెండు మూడు రోజుల్లో వేరే డబ్బా తెస్తానని వెళ్ళిపోయాడు. ఆ పుస్తకంలో రాత ఉంది కాబట్టే, జరిగిందంతా తర్వాత నా జ్ఞాపకం అల్లుకున్న కథ అని నన్ను నేను సమాధానపరచుకోలేకపోతున్నాను.

సాయంత్రం నూకరాజు సంగతి తెలిసింది. ఆ క్షణంలో నాకు ఆ అంకెలు గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చాయి. వెంటనే నామీద నాకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళు జనానికి నేను చెప్పింది ఇదే కదా. భయపడ్డ మనసు సంబంధం లేని రెండింటికి ముడి వేస్తుంది. మెకానిక్ చెప్పాడు, డబ్బా చెడింది. అంతే.

మంగళవారం పొద్దున్నే పేటకు వెళ్ళాను. రెండు బోట్లు ఈశాన్యం వైపు, వాళ్ళు మామూలుగా వల వేసే చోట్లకు వెళ్ళి వెతుకుతున్నాయని చెప్పారు. నన్ను చూసి మగవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పైడితల్లి మాత్రం ఎదురుగా వచ్చింది. ఏడవడం లేదు.

"ఫోనెట్టి లారీలని అడుగుతావంట గదా మేస్టారూ," అంది. "ఇప్పుడడుగు. ఎక్కడున్నాడో అడుగు."

ఎల్లారావు వచ్చి ఆమెను పక్కకు తీసుకువెళ్ళాడు.

ఆఫీసుకు వచ్చేసరికి అదే డబ్బా నుంచి రెండో మెసేజ్ వచ్చి ఉంది. అంకెలు అవే, చివరి స్థానం దాకా. ఈసారి నేనే 'వేర్' పంపి చూశాను. నిమిషంలో జవాబు వచ్చింది. లారీ షెడ్డులో ఉందని సరిగ్గా చెప్పింది. గంట తర్వాత మళ్ళీ అడిగాను. షెడ్డే. అడిగితే నిజం చెబుతోంది. అడగనప్పుడు సముద్రం అంటోంది. చెడిపోయిన యంత్రం ఇలా చెడదు.

ఆ అంకెలు తీసుకెళ్ళి ఎల్లారావుకు ఇవ్వాలి. ఇస్తే మూడు ప్రాణాలు దక్కే అవకాశం వెయ్యింట ఒకటి ఉందనుకుందాం, ఇవ్వకుండా ఉండడానికి నాకున్న కారణం ఏమిటి? బోట్లు అటు వెళ్ళి టైము, డీజిలు వృథా అవుతాయన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. రేపు ఆ పేటంతా ఏమంటుంది? మేస్టారే తలవంచాడంటుంది. నా వ్యాసాలన్నీ ఆ ఒక్క చీటీతో కొట్టుకుపోతాయి. ఆ మంగళవారమంతా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. చీటీ రాశాను, జేబులో పెట్టుకున్నాను, స్కూటరు దగ్గరిదాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

బుధవారం తెల్లవారగానే ఇచ్చాను. పెద్ద బోటు నడిపే సరంగు సూరన్న, ఎల్లారావు ఒడ్డునే ఉన్నారు. ఆదివారం నా మాటకు నవ్వినవాళ్ళలో ఈ సూరన్న ఒకడు.

"ఇది తప్పు కావచ్చు," అన్నాను.

సూరన్న చీటీ చూసి, "ఏ లెక్కన ఇత్తన్నారు మేస్టారూ? గాలి లెక్కా, నీటి లెక్కా?" అని అడిగాడు.

"అంచనా," అన్నాను. నమ్మకాల విషయంలో నా జీవితంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఎల్లారావు చీటీని చూసి, నా జేబులో ఉన్న ఆఫీసు ఫోను వైపు చూశాడు. బోటెక్కాడు.

మధ్యాహ్నానికి దొరికారు. చీటీలోని చోటుకు కూతవేటు దూరంలో తెప్ప తేలుతోందట. మోటారు పాడై, ముగ్గురూ ఎండకు మాడిపోయి, నీళ్ళు లేక నాలుకలు పిడచకట్టి ఉన్నారు. కానీ బతికే ఉన్నారు. సాయంత్రం సీతమ్మధారలో ఒక నర్సింగ్‌హోమ్‌లో నూకరాజును చూశాను. మాట్లాడలేక చెయ్యి మాత్రం ఊపాడు. గదిలోంచి బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. సోమవారమే ఇచ్చి ఉంటే వీళ్ళకు ఈ రెండు రోజుల నరకం తప్పేది కదా అని లోపల కాలిపోతున్నాను. ఆ మాటే అక్కడే ఉన్న సూరన్నతో అన్నాను. అంకెలు నా దగ్గరకు సోమవారమే వచ్చాయని మాత్రం చెప్పాను, ఎలా వచ్చాయో చెప్పలేదు.

సూరన్న నావైపు వింతగా చూశాడు.

"సోమారం అక్కడేటుంది మేస్టారూ? మంగళారం సాయంత్రం దాకా ఈళ్ళకి ఉక్కు ఫేక్టరీ పొగగొట్టాలు ఎదురుగానే కనిపించాయంట. రాత్రి గాలి తిరిగి కిందకి, పూడిమడక పక్కకి లాగేసింది. మేం ఎల్లేసరికి అప్పుడే ఆ సోటుకొచ్చారు. సోమారం ఎల్లుంటే ఉత్త నీళ్ళు సూసొచ్చి, ఆ దిక్కు మానేద్దుం. ఇంక అటు ఎల్లేవోళ్ళం కాదు."

ఈ మాట నేను నూకరాజుతోను, మిగతా ఇద్దరితోను విడివిడిగా అడిగి సరిచూసుకున్నాను. ముగ్గురూ అదే చెప్పారు. డబ్బా సిమ్ కార్డు వివరాలు తెప్పించి చూశాను. సోమవారం ఒకటి, మంగళవారం అడగకుండా వచ్చింది ఒకటి, రెండూ ఆ సిమ్ నుంచే వెళ్ళినట్టు ఉంది. సిమ్ ఎవరైనా తీసి ఆటలాడారా అంటే, డబ్బాకు సీలు పగలలేదు. అంకెలు తారుమారయ్యాయేమోనని ఎన్ని రకాలుగా మార్చి చూసినా షెడ్డు రాలేదు. యాదృచ్ఛికం అనవచ్చు. సముద్రం ఎంత పెద్దదో తెలిసినవాడు ఆ మాట తేలిగ్గా అనలేడు. అయినా నేను అంటూనే వచ్చాను. మెకానిక్ కొత్త డబ్బా బిగించాడు, పాతది తీసుకుపోయాడు. గేటు దగ్గర 'వేర్' పంపడం మానేశాను. లారీ ఎన్ఏడీ కూడలి దాటాక పంపితే సిగ్నలు బాగుంటుందని యజమానికి చెప్పాను.

కొన్నాళ్ళకు ఒక సభలో, ప్రశ్నల వేళలో, ఒక టీచరమ్మ లేచి, "మీకు ఎప్పుడూ, ఏదీ, అర్థం కానిది ఎదురుకాలేదా?" అని మర్యాదగానే అడిగింది. లేదన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నన్ను ఇప్పటికీ ప్రశాంతంగా కూర్చోనివ్వవు. ఇది రాస్తున్నది ఆ జవాబును దిద్దుకోవడానికే.

తెలియనిదాన్ని తెలియదు అనడంలో అవమానం లేదని నేనే ఎన్నోసార్లు చెప్పాను. కాబట్టి చెబుతున్నాను, నాకు తెలియదు. కానీ నన్ను తొలిచేది ఆ అంకెలు కూడా కాదు. ఆ మెసేజ్‌ను నమ్మి సోమవారమే పరుగెత్తి ఉంటే ముగ్గురూ పోయేవారు. నమ్మకుండా, పరువు కోసం బిగదీసుకుని, రెండు రోజులు ఆ అంకెలను తొక్కిపట్టాను కనుక బతికారు. నూకరాజు కనిపించినప్పుడల్లా దండం పెడతాడు. ఆ దండం తీసుకోవడానికి చేతులు లేవవు. కాదనడానికి నోరూ రాదు.