బట్టలు ఆరేయని తాడు

మా పాపకు చీకటంటే భయమని అనుకునేవాళ్ళం. తొమ్మిదేళ్ళ పిల్ల. పగలంతా గోడలు దూకి తిరుగుతుంది, దీపాలు పెట్టే వేళయ్యేసరికి నా కొంగు పట్టుకుంటుంది. మేముండేది బళ్ళారి పక్క ఇనుప గనుల దోణిమలై టౌన్‌షిప్‌లో. వీధివీధికీ లైట్లే, చీకటి వెతికినా దొరకదు. అయినా ఎప్పుడన్నా కరెంటు పోయిందంటే ఉన్నచోటే కూలబడిపోయేది. నేను టీచర్ని. భయపడే పిల్లలను ఆ భయం దగ్గరికే నడిపించుకుపోయి చూపించాలని ట్రైనింగులో విన్నదాన్ని. ఇంట్లో ఎవరికన్నా పాఠం చెప్పకపోతే నాకు తోచదు. అందుకే ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, సాయంత్రం డ్యామ్ ఒడ్డున నడిచి కొండెక్కి పొద్దు మునిగేది చూపిద్దామని నేనే అన్నాను. పొద్దు మునిగినంత మాత్రాన కొంపలేమీ అంటుకోవని ఆ పిల్లకు తెలియాలి.

మా ఆయన నాకు మేనమామ. చిన్నప్పుడు మామా అని పిలిచాను, పెళ్ళయ్యాకా అదే పిలుపు, కొత్తగా నేర్చుకునే పని లేకపోయింది. ఆయన గొడుగు, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని, "బళ్ళారోళ్ళకి సముద్రం యాడుండాది? ఈ డ్యామ్ నీళ్ళే మన సముద్రం, పా పాపా," అన్నాడు. పాప చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు చేసింది.

మామ వాళ్ళమ్మ నాకు అవ్వ, పాపకు జేజి. పాప పుట్టకముందే పోయింది. హగరి ఊళ్ళో ఉండేది. పొద్దు వాలుతూనే మంచం మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడితే తెల్లారేదాకా వీధి గడప దాటేది కాదు. పెళ్ళికి పిలిచినా, చావుకు పిలిచినా రాత్రిపూట కదిలేది కాదు. "పగలు మీది, రేత్రి దేవునిదప్పా," అనేది. పాస్టరయ్యగారు ఆమె భక్తిని ప్రసంగాల్లో చెప్పేవారు. అవ్వను చూసి నేర్చుకోమని మా అమ్మ మాకు మొట్టికాయలు వేసేది. అవ్వ మంచం కోడు నుంచి పెరటి తలుపు దాకా నడుమెత్తున ఒక తాడు కట్టి ఉండేది. సెలవులకు పోయినప్పుడు ఒకసారి దాని మీద తడి తువ్వాలు ఆరేశాను. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి, వీపు మీద ఒక్కటిచ్చింది. పెద్దవాళ్ళ చాదస్తమని ఏడ్చి ఊరుకున్నాను.

డ్యామ్ ఒడ్డున దారి సన్నగా ఉంది. ఒక పక్క తుప్పలు, ఒక పక్క నీళ్ళు. మట్టి ఎర్రన, నీళ్ళ అంచు కూడా ఎర్రన. ఆదివారం కాబట్టి లారీల మోత లేదు, మనిషి అలికిడి లేదు. ఎందుకో పిట్టల అలికిడి కూడా లేదు. కొండ మొదట్లో ఒక మేకలాయన మందను గబగబా తోలుకుంటూ ఎదురొచ్చాడు. పాప వైపు చూసి, "ఇప్పుడు ఎక్కుతాండారేందప్పా? బేగ దిగండి. పొద్దు మునిగితే ఎలుగ్గొడ్లు నీళ్ళకొస్తాయి," అన్నాడు. మామ సరేనన్నాడు. పాప నా చెయ్యి లాగింది.

"అమ్మా, పొద్దుండగానే దిగుదామా?"

"చూసినాక దిగుతాం. సుమ్నే, మాట్లాడకుండా రా," అన్నాను.

పైన ఒక బోడి బండ. ఎదురుగా గని తవ్వేసిన కొండ మెట్లు మెట్లుగా నిలబడి ఉంది. ఎక్కేటప్పుడున్న గాలి అక్కడ ఆగిపోయింది. సూర్యుడు ఎర్రగా, పెద్దగా, చూడవచ్చినట్టే ఉన్నాడు. మామ ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు. పాప మాత్రం సూర్యుడికి వీపు పెట్టి కూర్చుంది. మేము ఎక్కివచ్చిన దారిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూస్తోంది. ఒక్కో రాయి దగ్గర చూపు ఆపుతోంది. పెదవులు కదులుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం తెచ్చింది రాళ్ళు చూడడానికా? గడ్డం పట్టుకుని ముఖం పొద్దు వైపు తిప్పాను.

పొద్దు మునిగింది. "చూసినావా, ఏమైంది? ఏం కాలేదు గదా," అన్నాను. పాఠం పూర్తి కావాలని పాపను ఇంకాసేపు కూర్చోబెట్టాను. ఎలుగ్గొడ్ల మాట గుర్తొచ్చి మామే లేచాడు, పాపను భుజానికెత్తుకుని కొండ దిగాడు. వెనక తుప్పల్లో ఏదో కదిలినట్టు అనిపించి నేను రెండుసార్లు తిరిగి చూశాను. భయమంటూ వేస్తే అటు నుంచే వేసింది.

ఒడ్డు మీదికి వచ్చాక అన్నాను, "దింపు మామా. ఒక్కతే నడవనీ. ఈడ భయమేముండాది?" నిజంగానే ఏమీ లేదు. ఆకాశంలో ఇంకా వెలుగుంది. నాకు కాళ్ళ కింద గులకరాళ్ళు కూడా కనపడుతున్నాయి.

మామ దింపాడు. పాప కాసేపు కదల్లేదు. తర్వాత కుడి చెయ్యి పక్కకు చాపింది, నడుమెత్తున, వేళ్ళు విప్పి, అక్కడేదో ఉన్నట్టు వెతుక్కుంటూ నడిచింది. దారి ఎడమకు తిరిగింది. పాప తిరగలేదు. నేరుగా నీళ్ళలోకి నడిచింది.

ఒడ్డు జారి నడుము దాకా మునిగాక మామ దూకి పట్టుకున్నాడు. నేను గట్టిగా అరిచాను. "కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావే!"

పాప ఏడుస్తూ నా గొంతు వైపు తిరిగింది. నా వైపు కాదు, నాకు కొంచెం పక్కకు చూస్తోంది. "చీకటి గదమ్మా. ఏం కనపడదు గదా."

"మాకు కనపడతాంది గదే!"

పాప ఏడుపు ఆగిపోయింది. "చీకట్లో మీకు కనపడతాదా?" అంది.

నమ్మలేనట్టు అడిగింది. చీకటి పడితే లోకంలో ఎవరికీ ఏమీ కనపడదనీ, అందరూ ధైర్యంతో నడుస్తారనీ, ఆ ధైర్యం తనకొక్కదానికే లేదనీ అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికింది. ధైర్యం లేదని దానికి రోజూ చెప్పింది నేను. మామ తడి బట్టలతో ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. "మాయమ్మ..." అని ఆగాడు. తర్వాత మాట ఇద్దరికీ తెలుసు.

ఆ వారమే బళ్ళారిలో కంటి డాక్టరుకు చూపించాం. ఆయన పాప కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసి, మా ఇద్దరి వైపు తిరిగి, "సొంతంలోనే పెళ్ళి చేసుకున్నారా?" అని అడిగాడు. రేచీకటి అన్నాడు. వంశంలో వచ్చేది, బిళ్ళలతో పోయేది కాదన్నాడు. పోనుపోను పగటి చూపు కూడా అంచుల నుంచి తగ్గుతూ వస్తుందని, ఎంత తొందరగానో చెప్పలేనని అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరన్నా సాయంత్రపు ఆకాశం ఎంత బాగుందో అంటే నాకు చచ్చే కోపం వస్తుంది. రోజూ వస్తుంది ఆ సాయంత్రం, ఒక్కరోజన్నా మానదు.

మొన్న వరండాలో కూర్చున్నప్పుడు పాప అడిగింది.

"జేజికి గూడా ఇట్లే ఉండెనా?"

"ఉండె."

"మరి రేత్రి పెరట్లోకి పోవాలంటే ఏం చేస్తాండె?"

ప్రార్థన చేస్తాండె అనబోయి ఆగాను. ఇంతమందిమి ఆమె భక్తిని మెచ్చుకున్నాం, ఈ మాట ఒక్కరమూ అడగలేదు. తాడు సంగతి చెప్పాను. తువ్వాలు, దెబ్బ, అన్నీ చెప్పాను. పాప నవ్వలేదు. లేచి లోపలికి పోయి, తన మంచం దగ్గర నిలబడి, బాత్రూమ్ తలుపు దాకా చూసుకుంటూ నడిచి వచ్చింది.

"మన తాడు మీద నువ్వు బట్టలు ఆరేయొద్దమ్మా," అంది.