రెగ్యులేటర్‌కి కుంకుమ బొట్టు

న్యూ టౌన్‌లో ఒక పెయింట్‌బాల్ మైదానంలో తుపాకులు బాగుచేయడం నా పని. "రంగుగుళ్లాట కూడా ఒక ఉద్యోగవేనేటి?" అని నాన్న ఎప్పుడూ గొణుగుతుంటారు.

ఈ రోజు విశ్వకర్మ పూజ. ఒక తుపాకీ గాలి రెగ్యులేటర్‌ని ఇంట్లోనే విప్పి, తుడిచి, గ్రీజు రాసి, స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి, రేవులో క్రేన్ నడిపి రిటైరైన మా నాన్న రబ్బరు రింగులతో సహా ప్రతి ముక్కకీ కుంకుమ పెట్టేశారు.

"నాన్నా, పిసరంత పొడి పడినా గాలి కారిపోతుంది!" అని అరిచాను.

"పూజ నాడు పనిముట్టుకి బొట్టెట్టకపోతే ఎలాగమ్మా? మా క్రేన్‌కి ఏటేటా ఎట్టేవోడిని."

ఆయన నోట పనిముట్టు అన్న మాట వినగానే నా కోపం చల్లారింది. అన్నీ మళ్లీ తుడిచి, గ్రీజు రాసి బిగించాను. పైమూత మీది బొట్టు తుడవడానికి మాత్రం చేతులు రాలేదు. రేపు మేనేజర్ అడిగితే ఏం చెప్పమంటారు?