కుర్చీ మీద జంపఖానా

ఖిలా వరంగల్‌లో నా అద్దె గదికి ఎదురింట్లో జంపఖానాలు నేసే చాచా ఉండేవాడు. సర్కారును తిట్టని రోజు లేదు. అయితే తిట్టడానికి ఏనాడూ పని ఆపలేదు. ఒక మాట అనేవాడు, నూలు మీద ఇనుప దువ్వెనతో ఒక దెబ్బ వేసేవాడు.

నేను సర్కారు కొలువు కోసం నాలుగేళ్లుగా చదువుతున్న రోజులవి.

"పైసలు పంచితే కొలువులు పుట్టయి బిడ్డా," అని ఒక దెబ్బ. "కార్ఖానా పెడతనన్నోన్ని ఆఫీసుల పొంటి తిప్పుతాండ్రు," అని ఇంకో దెబ్బ. "ఆని తొవ్వకు అడ్డం రాకుంటే సాలు. పది మందికి పని ఆడే ఇస్తడు."

"అయితే నేను చదువుడు బంద్ చెయ్యాల్నా చాచా?" అన్నాను ఒకసారి, ఒళ్లు మండి.

"నువ్వు చదువు. నేను తిట్టేది నిన్ను కాదు."

చివరికి కొలువు వచ్చింది. అదీ చిన్న కార్ఖానాలకు అనుమతులిచ్చే ఆఫీసులో. ఆయనకు చెప్పడానికి రెండు రోజులు జంకాను. చెప్పగానే దువ్వెన ఆగింది. మాట మధ్యలో అది ఆగడం నేను చూసింది అదొక్కసారే.

"మంచిగయింది," అని నవ్వాడు.

వారం తిరక్కుండానే నా కుర్చీకి సరిపడా చిన్న జంపఖానా నేసి తెచ్చాడు.

"నువ్వు కూసో బిడ్డా. దరఖాస్తుల్ని కూసోబెట్టకు."

ఇప్పటికీ దాని మీదే కూర్చుంటున్నాను. మెత్తగానే ఉంటుంది. సాయంత్రం బల్ల మీద దరఖాస్తు ఏదైనా మిగిలిపోయిన రోజునే గుచ్చుకుంటుంది.