పదో మనిషి

మా ఊళ్లో ఒక సీసా మూత తీయడానికి పదిమంది కావాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. మామూలుగా ఒకడు చాలు. మిగతా తొమ్మిదిమందీ వాసన పట్టుకొని వాళ్లే వస్తారు.

ఇది ఆ మందు సీసా కాదు, కరోనా టీకా సీసా. దాంట్లో పదిమందికి సరిపడే మందు ఉంటుందని, మూత తీసినాక కొన్ని గంటల్లో వాడేయాలని, లేకుంటే పారబోయాలని, పారబోస్తే పైవాళ్లకు తాను జవాబు చెప్పుకోవాలని సిస్టరమ్మ బడి వరండాలో కూర్చొని అందరికీ ఓపిగ్గా చెప్పింది. నీలం రంగు ఐసు డబ్బా ఆమె కాళ్ల దగ్గర ఉంది. వరండాలో తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్లలో మా నాయన ఒకడు.

నాయనకు ఉబ్బసం. బతుకంతా కళ్లంలో శెనక్కాయల దుమ్ము పీల్చిన రొమ్ము అది. సూది వద్దని మొండికేసిన మనిషికి నేను టీకా గురించి తాత్పర్యంతో సహా చాలా రోజులు చెప్పి చూసినాను. నా తాత్పర్యం ఆయన చెవికెక్కలేదు. పక్క వీధిలో ఆయన ఈడువాడే ఒకడు ఊపిరాడక పోయినాక మాత్రం, ఒక పొద్దున తానే తలగుడ్డ చుట్టుకొని, పద, పొడిపించుకుందాం అన్నాడు. ఆయన మనసు మారేలోగా, ఆ రోగం ఆయన మీద పడేలోగా ఈ పని కావాలని నా ఆత్రం.

పదో మనిషి కావాలి. నేను పనికిరాను. నాకప్పటికే ఆ రోగం వచ్చి పోయింది, మూడు నెలలు ఆగాలన్నారు. రోగం తెచ్చుకోవడంలో తొందరపడి, తలకాయ లెక్కకు కూడా కొరగాకుండా పోయినాను.

ఊరి మీద పడినాను. ఒకడు జ్వరం వస్తుందన్నాడు. ఒకడు రేపే విత్తనం వేయాలన్నాడు. ఇంకొకాయన నన్ను పక్కకు పిలిచి, మొగతనం పోతాదంట గదా అని గుసగుసలాడినాడు. ఆయనకు ఎనభై దాటినాయి. చివరికి అంగడి శెట్టి ఒప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచి నాయనకు జత. అంగడికి తాళం వేసి నాలుగడుగులు వేసినాడో లేదో, ఎదుటి అరుగు మీద నుంచి ఎవరో కేకేసినారు.

"యాడికి శెట్టీ?"

అంతే. బయల్దేరిన మనిషిని యాడికని అడిగితే పోయే పని చెడుతుందని మా పక్క పట్టింపు. శెట్టి వెనక్కి తిరిగి, తాళం తీసి, లోపల కూర్చొని, చెంబుడు నీళ్లు తాగి, గోడ చూస్తా ఉండిపోయినాడు. పామిడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి బతికే నేను కూడా పక్కన నిలబడి అదే గోడ చూసినాను. తొందరపెడితే అసలుకే రాడు.

మేము బడి చేరేసరికి సిస్టరమ్మ లేదు, డబ్బా లేదు. మా పక్క ఎన్నికల్లో నిలబడే పెద్దమనిషి జీపు పంపి ఇంటికి పిలిపించుకున్నాడంట. 'పదిమంది' అనే మాట లేకుండా ఆయన మైకు పట్టుకోడు. పదిమంది కోసం బతికినాం, పదిమందిలో తలెత్తుకొని తిరిగినాం, పదిమందీ చల్లగుండాలి. వరండాలో ఒక్క తల తక్కువైందని తెరవని మూత, ఆ ఇంట్లో ముగ్గురికి తెరుచుకుంది. ఆయనకు, భార్యకు, అల్లుడికి.

మిగిలిన మందు ఏమైందని సాయంత్రం బస్టాపులో సిస్టరమ్మను నిలేసి అడిగినాను.

"పారబోసినా అన్నా. ఆయమ్మకు కళ్లు తిరుగుతాయేమో, ఈడే ఉండమన్నారు. పొద్దు వాలేదాకా కదలనియ్యలే."

బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా చెట్టుకు పోసే ఊరు మాది. వాన లేని నేల మీద పుట్టినవాళ్లకు పారబోయడమంటే ఏందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. అట్లాంటి చోట ఏడుగురి మందు మట్టిలో కలిపినారు. అరవడానికి నోరు తెరిచినాను. ఆమె అప్పటికే ఏడ్చి ఉన్నట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి. మూసుకున్నాను. ఆ రోజు నాయన కోసం తెరుచుకున్నది నా నోరొక్కటే, అదీ వట్టిదే.

ఇంకో సీసా మా ఊరికి వచ్చేలోగా జ్వరం వచ్చింది. నాయన పెద్దాసుపత్రి నుంచి ప్రాణంతో వచ్చినాడు గానీ, ఊపిరి సగమే వెంట వచ్చింది. వీధిలోంచి అరుగు ఎక్కేలోగా ఇప్పుడు నడుమ ఒకచోట ఆగుతాడు. ఆ సూది పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. నేను చెప్పగలను. కోపానికి డిగ్రీ అక్కర్లేదు.

పెద్దమనిషి పరామర్శకు వచ్చినాడు. మంచం పక్కన కుర్చీ వేయించుకొని, నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం కావాలన్నా అడుగు పెద్దాయనా. పదిమంది కోసమే గదా మేముండేది."

నాయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"పదో మనిషి దొరికినాడా అప్పా?"

ఆయనకు అర్థం కాలేదు. జ్వరం తలకెక్కిన మాటలనుకొని, వెంట వచ్చినవాళ్ల వైపు చూసి జాలిగా నవ్వినాడు.

నేను వంటింటి వాకిలి దగ్గర నిలబడి వింటా ఉన్నాను. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుంటే అమ్మ ఊరుకోదు. కాబట్టి నా ఆగ్రహమంతా కూడగట్టుకొని, ఆయన గ్లాసులో చక్కెర వేయకుండా తెచ్చి ఇచ్చినాను.

ఆయనకు షుగరంట. అడక్కుండానే ఇంత మర్యాద చేసే ఇల్లు ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. ఖాళీ గ్లాసు నా చేతికిస్తా, రెండో డోసు కూడా పట్టుకరమ్మన్నాడు.