నాలుగో సీటు

మొన్న ఆదివారం పొద్దున మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో కబురు పడింది. టికెట్ల సారు పోయారు, గుండెపోటు. కింద వరసగా దండాల బొమ్మలు వచ్చి పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టబోయి ఆగిపోయాను. ఆయనకు దండం పెట్టే ముందు ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటి ఉంది. ఆయన బతికుండగా ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు మీ ముందు చెప్పుకుంటున్నాను.

మాది పాశమైలారంలో మాత్రల ప్యాకింగ్ యంత్రాలు తయారు చేసే ఫ్యాక్టరీ. ఆ యంత్రాలను దేశదేశాల్లో బిగించి, నడిపించి రావడం నా పని. మాలో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా టికెట్లు తీసేది ఆయనే. కొండాపూర్ దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, మా టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన మనిషి. తర్వాత టికెట్ల పని అప్పగిస్తే, రిటైరయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు. ఏళ్ల తరబడి అందరినీ విమానాలెక్కించారు గానీ, ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నేను ఏ దేశంలో దిగినా, బ్యాగు కోసం నిలబడి ఉండగానే ఫోన్ మోగేది.

"దిగినవా?"

"దిగాను సార్."

"ఆఁ. ఏమన్న తిను మొదలు." అంతే, పెట్టేసేవారు.

నేను తిరిగిన ప్రతి విమానానికీ పాయింట్లు వస్తాయనీ, వాటితో డబ్బు కట్టకుండా టికెట్లు తీసుకోవచ్చనీ, అవి మా కంపెనీవి కాదు నావేననీ నాకు చాలాకాలం తెలియదు. విమాన కంపెనీలో నా పేరు మీద ఖాతా తెరిచింది ఆయన. పాస్‌వర్డ్ పెట్టింది ఆయన. మెయిల్ అడిగితే తన మెయిలే ఇచ్చేశారు. "నీకు మెయిళ్లు సూసే తీరిక యాడిది? మిషన్లు సూస్కో పో" అన్నారు. టికెట్ తీసిన ప్రతిసారీ నా ఖాతా నంబరు ఎక్కించడం మాత్రం మరిచిపోలేదు.

రిటైరయ్యాక పటాన్‌చెరులో మా వీధిలోనే ఉండేవారు. ఒక ఆదివారం నేరుగా మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు.

"తమ్మీ, నీ పాయింట్లు గుట్టలు వడ్డయి. ఎండిన మిరపకాయలు కుప్పవోసి సూస్కుంట కూసుంటే ఏమైతది? బూజు వడ్తది. గివి గూడ గంతే. గడువు దాటితే మురిగిపోతయి. ఇంటోళ్లను తీస్కొని జెర దేశం తిరిగి రా."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మా వరండాయే ఆయన ఆఫీసు. మా ఆవిడ టీ ఇస్తే, చల్లారిపోయేదాకా చూసుకునేవారు కాదు. పాయింట్లకిచ్చే సీట్లు విమానానికి ఏవో కొన్నే ఉంటాయి. దాదాపు ఏడాది ముందు తెరుస్తారు, తెరిచిన రోజే ఎగిరిపోతాయి. ఢిల్లీ మీదుగా ఇస్తాంబుల్, అక్కడ రెండు రోజులు. తర్వాత రోమ్. రోమ్ నుంచి జ్యూరిక్. అక్కడి నుంచి రైలులో వియన్నా, వియన్నాలో తిరుగు విమానం. ఒక కంపెనీ సీటు దొరక్కపోతే, దాంతో పొత్తున్న ఇంకో కంపెనీలో వెతికేవారు. జ్యూరిక్‌లోనే మళ్లీ ఎక్కితే సులువు కదా అన్నాను ఒకసారి.

"సంగారెడ్డిల బస్సు దిగి, పనులన్ని సూస్కుంట జోగిపేట దాక పోయినవనుకో. మల్ల సంగారెడ్డికొచ్చి ఎక్కుతవా? జోగిపేటలనే ఎక్కుతవు. వచ్చిన తొవ్వనే తిరిగిపోవుడు దండగ."

లెక్క తేలిన రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. పాయింట్లు ముగ్గురికి కాదు, నలుగురికి సరిపోతున్నాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టి, "అయితే నాలుగోది తాతకి!" అంది. "అవును సార్, నాలుగో సీటు మీదే" అన్నాను నేను కూడా. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. "నాకేం పని తమ్మీ ఆడ?" అన్నారు గానీ, వద్దనలేదు.

నెల తిరక్కుండానే పాస్‌పోర్టుకు పెట్టుకున్నారు. పోలీసు ఎంక్వయిరీకి కానిస్టేబుల్ వస్తే, వీధి వీధంతా వినపడేట్టు రోమ్ గురించి చెప్పారు. బూట్లు కొన్నారు. కొత్తవి కరుస్తాయని రోజూ సాయంత్రం అవి తొడుక్కుని వీధి చివరిదాకా కుంటుకుంటూ నడిచి వచ్చేవారు. ఎవరైనా నవ్వితే, "నవ్వుండ్రి నవ్వుండ్రి, పోయేది నేను" అనేవారు.

ఇక నా సంగతి. మా బావమరిది తానూ వస్తానని పట్టుబట్టాడు. మా ఆవిడ కూడా అడిగింది. జనం అడిగితే ఈ మాటే చెప్పుకోవచ్చు. కానీ అది సాకు. అసలు సంగతి ఏమిటంటే, ఆయనతో తిరగడం నాకు నామోషీ అనిపించింది. విమానంలో గట్టిగా మాట్లాడతారు, బూట్లు విప్పేసి సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు, కనబడిన ప్రతివాడికీ మన ఊరి పేరు చెబుతారు. ఆయన వేసిన దారిలో, ఆయన కూడబెట్టిన పాయింట్లతో వెళుతూ, పక్కన ఆయన ఉంటే పరువు పోతుందనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అన్ని విమానాల్లోనూ నాలుగేసి సీట్లు దొరికిన రోజు ఆయనే పరుగున వచ్చి చెప్పారు. "ఇగ ఆలస్యం చెయ్యకు. ఓటీపీ నీ ఫోన్‌కే వస్తది, జల్దీ టికెట్లు కొట్టు." ఆయన అటు వెళ్లగానే నాలుగూ కొట్టాను, నాలుగోది బావమరిది పేరు మీద. మర్నాడు సారు ఇంటికి వెళ్లి, కొట్టేసరికి మూడే మిగిలాయని చెప్పాను.

ఆయన నా వంక చూడలేదు. "గట్లనా. మంచిదే తియ్ తమ్మీ. నాకు మోకాళ్ల నొప్పులాయె, గంతసేపు యాడ కూసుంట?" అని, లోపలికి కేకేసి నాకు టీ పెట్టించారు. గండం గడిచిందనుకుని ఆ టీ తాగి వచ్చాను.

బయల్దేరే రోజు తెల్లవారగానే గేటు దగ్గరికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. అందులో టికెట్ల ప్రింట్లు, ఒక్కొక్కరివీ విడివిడిగా పిన్ను కొట్టి ఉన్నాయి. నాలుగు. నాలుగోదాని మీద మా బావమరిది పేరు. అప్పుడు వెలిగింది నాకు. ఆ ఖాతాకున్న మెయిల్ ఆయనది. నేను కొట్టిన నిమిషంలోనే నాలుగు పేర్లూ ఆయనకు చేరాయి. మర్నాడు నేను వెళ్లి అబద్ధమాడుతుంటే, అన్నీ తెలిసే విన్నారు. నా పరువు కాపాడటానికి నెపం తన మోకాళ్ల మీదికి తోసుకున్నారు.

ఆయన మాత్రం ఎప్పటిలాగే మా బావమరిదికి కాగితాలు తిప్పి చూపిస్తున్నారు.

"రోమ్‌కెళ్లి జ్యూరిక్ పోయేటప్పుడు నీకు ఎడమదిక్కు కిటికీ సీటు ఏసిన. పొద్దుటి విమానం. మంచుకొండల మీదికెళ్లి పోతది. పండుకోకు మల్ల."

ఆ విమానం పైకి లేవగానే మా బావమరిది, వెలుతురు కళ్లలో పడుతోందని కిటికీ మూత దించేసి నిద్రపోయాడు. నేను పక్క సీట్లోనే ఉన్నాను. లేపి మూత తీయమంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. దిగేదాకా ఆ మూసిన కిటికీ వంక చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వచ్చిన ఆదివారం ఆయనే వచ్చారు. నేను వెళ్లాల్సింది. కాళ్లు పట్టుకుని క్షమించమని అడగాల్సింది. అడుగుదామనే నోరు తెరిచాను, ఈలోపే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"కొండలు కనవడ్డయా తమ్మీ?"

"చాలా బాగా కనబడ్డాయి సార్."

"మంచు ఉండెనా?"

"ఉంది సార్. ఎండ పడి మెరుస్తూ ఉంది."

ఆయన వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "ఇంక చెప్పు" అన్నారు. నేను చూడని ఆ కొండల గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరవకుండా, తల కొంచెం ఎడమకు తిప్పి వింటున్నారు.